ఒకే బొమ్మను పిన్నులతో కదిలించేటప్పుడు: దేవరకొండ తమ్ముని ప్రశ్నకు సమాధానం

దేవరకొండలో ఫొటో స్టూడియో నడుపుకుంటున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. జాతర పాట ఒకదానికి ఆయన వీడియో చేస్తున్నారు. కిన్నెర (సొరబుర్రలు కట్టిన తీగ వాద్యం) వాయిస్తున్న పెద్దమనిషి బొమ్మను చిత్రకారుడితో కాగితం మీద గీయించి, స్కాన్ చేసి, బొమ్మలను కదిలించే సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి తెచ్చి, బొమ్మను వంచడానికి అందులో ఉండే పప్పెట్ టూల్‌తో పిన్నులు పెట్టారు. చేయి కదిలిస్తే ఛాతీ కూడా వెంట వస్తున్నది. కిన్నెర సొరబుర్రలు మైనంలాగా సాగుతున్నాయి. కుడిచేయి పొట్ట మీదికి రావలసినప్పుడు పొట్ట వెనక్కి దూరిపోతున్నది. పిన్నులు ఇరవై దాటేసరికి కంప్యూటర్ కూడా మొరాయిస్తున్నది. ఇంకా ఎన్ని పిన్నులు పెడితే బొమ్మ చెప్పినట్టు వింటుందని ఆయన అడిగారు.

తమ్ముడూ, ఇరవై పిన్నులు పెట్టినా చేతి వెంట ఛాతీ వస్తున్నదంటే లోపం పిన్నుల లెక్కలో లేదు. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో పిన్నులన్నీ కదలవలసిన చోట్లనే ఉన్నాయి. కదలకూడని చోట ఒక్కటి కూడా లేదు. నేను మహబూబ్‌నగర్‌లో చాలా ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, కొంతమందికి నేర్పాను కూడా. మొదటిసారి ఈ టూల్ పట్టినవారిలో దాదాపు అందరూ పిన్నును పట్టుకుని లాగే పిడిగానే చూస్తారు. దాని మొదటి పని మేకు పని. ఏది కదలకుండా ఉండాలో దాన్ని బిగించి పెట్టిన తరువాతనే, ఏది కదలాలో దాన్ని లాగడానికి అర్థం ఉంటుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది, ఎందుకంటే మీరు రాసిన ఇబ్బందులన్నీ ఎక్కడో ఒకచోట దీనికే ముడిపడి ఉన్నాయి.

లోపల ఏం జరుగుతున్నదో తెలిస్తే ఈ మాట నమ్మడం సులువవుతుంది. లేయర్ (ఒకదాని మీద ఒకటి పేర్చే బొమ్మ పొర) మీద మొదటి పిన్ను పెట్టిన క్షణాన సాఫ్ట్‌వేర్ ఆ లేయర్‌లో కనిపించే భాగానికీ పారదర్శకంగా ఉన్న భాగానికీ మధ్యనున్న అంచును పట్టుకుని, ఆ అంచు లోపలి స్థలాన్నంతా చిన్న చిన్న త్రిభుజాలుగా విడగొడుతుంది. ఆ త్రిభుజాల వలనే మెష్ అంటున్నాం. పైన టూల్స్ వరుసలో ‘షో’ అనే గడిలో టిక్ పెడితే అది కంటికి కనిపిస్తుంది; పని చేస్తున్నంతసేపూ దాన్ని కనిపించేలాగే ఉంచుకోండి. మీరు ఒక పిన్నును లాగినప్పుడు, పిన్నులన్నీ మీరు పెట్టిన చోటనే ఉండాలన్న నియమానికి లోబడి, ప్రతి త్రిభుజమూ తన ఆకారాన్ని వీలైనంత తక్కువగా కోల్పోయేటట్టు మిగిలినవాటి స్థానాలను సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. ఈ తరహా లెక్కను టకియో ఇగరాషి, టోమర్ మాస్కోవిచ్, జాన్ హ్యూస్ అనే ముగ్గురు 2005లో సిగ్‌గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో వివరించారు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి పప్పెట్ టూల్ 2007లో, సీఎస్3 వెర్షన్‌తో వచ్చింది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఈ లెక్కలో చేయి, ఛాతీ, కిన్నెర అనే మాటలకు చోటు లేదు. ఆ అంచు ప్రకారం కత్తిరించిన ఒకే రబ్బరు రేకు మాత్రమే దానికి తెలుసు. ఛాతీ మీద పిన్ను లేనప్పుడు, ఛాతీ ఆగడానికి ఆ లెక్కలో ఏ కారణమూ లేదు. పైగా ఛాతీ కూడా కొంచెం జరిగితే త్రిభుజాల ఆకారం తక్కువగా చెడుతుంది కాబట్టి అది జరగడమే సరైన జవాబు.

మీ బొమ్మలో మరొక చిక్కు కూడా ఉన్నది. కుడి మోచేతికీ నడుముకూ మధ్య ఉన్న ఖాళీలో కాగితపు తెలుపు అలాగే మిగిలిపోయింది. మీ కంటికి అది ఖాళీ స్థలం, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది కూడా బొమ్మే. అందువల్ల బాతు కాలివేళ్ల మధ్య పొరలాగా చేతికీ ఒంటికీ మధ్య మెష్ అల్లుకుపోయింది. బ్యాక్‌గ్రౌండ్ తీసేటప్పుడు బయటి గీత వెంట తీస్తే చాలదు, లోపలి సందులన్నీ తీయాలి. బొమ్మ బ్యాక్‌గ్రౌండ్‌లో చిన్న మచ్చ మిగిలినా దాని చుట్టూ వేరే మెష్ పుట్టవచ్చు కాబట్టి, కింద ముదురు ఎరుపు రంగు సాలిడ్ (ఒకే రంగు నిండిన లేయర్) ఒకటి వేసి చూసుకోవడం నాకు అలవాటు. తెల్లటి మచ్చలూ, అంచున మిగిలిన కాగితపు తెల్లగీతా ఎరుపు మీద వెంటనే బయటపడతాయి. ఆ తెల్లగీతను తొలగించడానికి ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి జరిగి కత్తిరించండి.

ఇక అసలు పనికి వస్తాను. మన తోలుబొమ్మలను దగ్గరగా చూసినవారికి తెలుస్తుంది, తల, చేతులు, కాళ్లు వేరు వేరు ముక్కలుగా కోసి, కీళ్ల దగ్గర దారంతో ముడివేస్తారు. తోలు రబ్బరులాగా సాగదు కాబట్టి, ఎక్కడ వంగాలో అక్కడ కీలు పెట్టక తప్పదు. కంప్యూటర్ మనకు సాగే తోలును ఇచ్చింది. అది చూసి కీలు అవసరం లేదనుకున్నాం. సాగడం అన్నది బట్టకు, ఈకకు, వెంట్రుకకు, కొంతవరకు పొట్టకు సరిపోతుంది. ఎముక ఉన్నచోట, కర్ర ఉన్నచోట, బుర్ర ఉన్నచోట అది అబద్ధంగా కనిపిస్తుంది. కాబట్టి పిన్నుల టూల్ తెరవకముందే బొమ్మను ముక్కలు చేయాలి. నా అనుభవంలో మంచి ఫలితానికి పట్టే సమయంలో సగానికి పైగా ఈ కోతకూ, కోసిన చోట వెనుక భాగాన్ని పూరించడానికీ పోతుంది, పోవాలి కూడా.

మీ బొమ్మను నేనైతే ఇలా కోస్తాను. కిన్నెర మొత్తం, అంటే కర్ర, మెట్లు, సొరబుర్రలు కలిపి ఒక లేయర్. కర్ర చివర చిత్రకారుడు గీసిన నెమలి ఈకల కుచ్చు మరొక లేయర్. కుడిచేయి భుజం నుంచి వేళ్ల దాకా ఒకటి, ఎడమచేయి అలాగే ఒకటి. తలపాగాతో సహా తల ఒకటి, కనురెప్పలు విడిగా. భుజం మీది గొంగడి ఒకటి. మిగిలిన ఒళ్లు, ధోతీ, కాళ్లు కలిపి ఒకటి. ఇందులో కిన్నెర మీద ఒక్క పిన్ను కూడా పెట్టవద్దు. సొరబుర్ర గట్టిది, వెదురు కర్ర నిటారుది. వాటికి కావలసింది కొద్దిపాటి రొటేషన్ మాత్రమే. బొమ్మలో కిన్నెర ఛాతీకి ఆనిన చోట యాంకర్ పాయింట్ (లేయర్ తిరిగే ఇరుసు) పెట్టి, రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ ఊపితే చాలు. సొరబుర్రలు మైనంలాగా సాగుతున్నాయన్న మీ ఇబ్బంది అక్కడితో పోతుంది.

కోసిన తరువాత చేయి పక్కకు జరిగితే దాని వెనుక ఏముంటుంది? కాగితం మీద చిత్రకారుడు అక్కడ ఏమీ గీయలేదు కాబట్టి రంధ్రమే ఉంటుంది. చేయి వెనుక పొట్ట, కిన్నెర వెనుక ఛాతీ, గడ్డం కింద మెడ, ఇవన్నీ ఫొటోషాప్‌లో పూరించుకోవాలి. సాదా ధోతీ, ఒంటి రంగు అయితే పక్కనున్న రంగుతో ఖాళీని నింపే క్లోన్ స్టాంప్, కంటెంట్ అవేర్ ఫిల్ టూల్స్ సరిపోతాయి. చేయి జరిగేది ఎంతో అంతకన్నా కొంచెం ఎక్కువ మేర పూరిస్తే చాలు, మొత్తం అక్కర లేదు. చేయి లేయర్‌కు భుజం వైపు చివరను తిన్నగా కోయకుండా గుండ్రంగా, ఒంటి మీదికి కొంత చొచ్చుకుపోయేటట్టు ఉంచండి. ఆ గుండ్రానికి నడిమధ్య యాంకర్ పాయింట్ పెడితే చేయి ఎంత తిరిగినా కీలు దగ్గర సందు కనిపించదు. చిత్రకారుడు మీకు అందుబాటులో ఉన్నారు కాబట్టి, వీలైతే చేతులనూ కిన్నెరనూ విడి కాగితాల మీద మళ్లీ గీసి ఇమ్మని అడగండి. వారికి గంట పని, మీకు రెండు రోజుల శ్రమ తప్పుతుంది. పూరించిన గీత ఎంత బాగున్నా గీసిన చేతి గీతకు సాటి రాదు, చూసే కంటికి ఆ తేడా తెలిసిపోతుంది.

ముక్కలన్నీ ఒకే పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు)లో పేర్లు పెట్టి ఉంచి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి తెచ్చేటప్పుడు ‘కంపోజిషన్ – రిటైన్ లేయర్ సైజెస్’ ఎంచుకోండి. అప్పుడు ప్రతి లేయర్ తన బొమ్మ మేరకే ఉంటుంది. మీ కంప్యూటర్ మొరాయించడానికి ఒక కారణం ఇక్కడే ఉంది. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో స్కాన్ చేస్తే 2480 × 3508 పిక్సెళ్లు వస్తాయి. మీ వీడియో 1920 × 1080. స్కాన్ ఆ కొలతలోనే చేయడం మంచిదే, కోత కూడా ఆ కొలతలోనే చేయండి. ఆ తరువాత తెర మీద బొమ్మ ఎంత ఎత్తు కనిపిస్తుందో చూసి, దానికి ఒకటిన్నర నుంచి రెండింతలు మించకుండా తగ్గించి తెచ్చుకోండి. మరీ దగ్గరి షాట్ ఉంటే దానికి విడిగా పెద్ద ముక్క ఉంచుకోవచ్చు. ఒకే పెద్ద లేయర్ మీద ఇరవై పిన్నుల లెక్క కన్నా చిన్న లేయర్ల మీద మూడేసి పిన్నుల లెక్క చాలా తేలిక.

ఇప్పుడు పిన్నులు. కంట్రోల్, పీ నొక్కితే టూల్ వస్తుంది. ప్లేహెడ్ (టైమ్‌లైన్‌లో ఇప్పుడున్న చోటును చూపే గీత) సరిగ్గా బొమ్మ తొలి భంగిమ ఉండవలసిన ఫ్రేమ్ మీద ఉందో లేదో ముందు చూడండి, ఎందుకంటే పొజిషన్ పిన్ను, అంటే మామూలు పిన్ను, పెట్టగానే ఆ ఫ్రేమ్ దగ్గర దానికి కీఫ్రేమ్ (ఆ క్షణాన స్థానం ఎక్కడో నమోదు చేసే గుర్తు) తనంతట తానే పడుతుంది. కొన్ని పిన్నులు సున్నా దగ్గర, కొన్ని రెండో సెకను దగ్గర పెట్టుకుంటూ పోతే ఏది ఎప్పుడు కదులుతున్నదో తరువాత మీకే అంతుపట్టదు. అన్ని పిన్నులూ ఒకే ఫ్రేమ్ దగ్గర, వంకర లేని బొమ్మ మీద పెట్టండి. పెట్టిన వెంటనే టైమ్‌లైన్‌లో ప్రతిదానికీ ‘కుడి భుజం’, ‘కుడి మోచేయి’ అని పేరు ఇవ్వండి. ‘పప్పెట్ పిన్ 7’ అంటే ఏమిటో మరుసటి రోజు గుర్తుండదు.

కుడిచేతికి మూడు పిన్నులు చాలు: భుజం దగ్గర ఒకటి, మోచేతి దగ్గర ఒకటి, మణికట్టు దగ్గర ఒకటి. భుజం పిన్ను మేకు, దాన్ని ముట్టుకోవద్దు. చేయి మొత్తం లేవవలసినప్పుడు లేయర్‌నే తిప్పండి, మోచేయి వంగవలసినప్పుడు మాత్రం మణికట్టు పిన్నును కదిలించండి. మణికట్టు పిన్నును సరళరేఖలో లాగితే ముంజేయి పొడవు పెరిగి తగ్గుతుంది, ఇది చాలామంది చేసే తప్పు. మోచేయి కేంద్రంగా అది చాపంలా, వంపు తిరిగి ప్రయాణించాలి. నడుమ ఒక కీఫ్రేమ్ చేర్చి, కదలిక దారిని వంచి, ముంజేతి పొడవు మారకుండా చూసుకోండి. వేళ్లకు పిన్నులు పెట్టాలన్న కోరిక అందరికీ కలుగుతుంది. మీ ఫ్రేమ్‌లో చేయి అంత చిన్నగా ఉన్నప్పుడు, తీగ మీటే భంగిమలో గీయించిన రెండు మూడు చేతి బొమ్మలను మార్చి మార్చి చూపడం పిన్నుల కన్నా బాగుంటుంది.

ఒంటి లేయర్‌కు ముందుగా మేకులే పడాలి: రెండు పాదాలు, నడుము, రెండు భుజాలు. ఆ తరువాత ఛాతీ మధ్యలో ఊపిరి కోసం ఒక్క బెండ్ పిన్. ఈ బెండ్ పిన్నులు, అడ్వాన్స్‌డ్ పిన్నులు 2018 అక్టోబరులో వచ్చిన సీసీ 2019 వెర్షన్ నుంచి ఉన్నాయి. పాత వెర్షన్‌లోగానీ, ఎఫెక్ట్ కంట్రోల్స్‌లో పప్పెట్ ఇంజిన్‌ను లెగసీకి (పాత పద్ధతికి) మార్చినప్పుడుగానీ ఇవి పనిచేయవు. పొజిషన్ పిన్నుకు స్థానం మీరు ఇస్తారు, తిరగడం, పెరగడం సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. బెండ్ పిన్నుకు అది తలకిందులు: స్థానాన్ని చుట్టుపక్కల పిన్నులను బట్టి అదే లెక్క కట్టుకుంటుంది, తిప్పడం, పరిమాణం మార్చడం మీ చేతిలో ఉంటాయి. అడ్వాన్స్‌డ్ పిన్నులో మూడూ మీవే. ఊపిరికి, తోక ఊపుకు, ఈక ఊపుకు బెండ్ పిన్ ఎంత బాగా సరిపోతుందో మరేదీ సరిపోదు. ఛాతీ పిన్నుకు స్కేల్ 100 నుంచి 102, మహా అయితే 103 దాకా వెళ్లి తిరిగి రావాలి. 110 అయితే ఆయాసపడుతున్న మనిషిలా ఉంటుంది. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు. నాలుగు సెకన్లకు ఒకసారి అనుకుంటే, సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో 100 ఫ్రేములకు ఒక ఊపిరి. పాడుతున్న మనిషికి తీసుకునే ఊపిరి పొట్టిది, వదిలేది పొడవైనది, కాబట్టి రెండు వైపులా సమానంగా పెట్టకుండా 30, 70గా పంచండి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, నేను కూడా దీన్ని ఆలస్యంగా తెలుసుకున్నాను. చేతి లేయర్‌కు ఒంటి లేయర్‌ను పేరెంట్ చేస్తాం కదా, అంటే ఒళ్లు కదిలితే చేయి వెంట వెళ్లేటట్టు కడతాం. ఆ బంధం లేయర్ స్థానం, రొటేషన్, స్కేల్ వరకే పనిచేస్తుంది. పిన్నుల వల్ల కలిగిన వంపు చేతికి తెలియదు. ఒంటి లేయర్‌లో భుజం పిన్నును కదిలిస్తే భుజం పక్కకు జరుగుతుంది, చేయి ఉన్నచోటనే వేలాడుతుంది. అందుకే భుజాల మీది పిన్నులను మేకులుగానే ఉంచమన్నాను. భుజాలు కూడా ఊగాలన్న కోరిక ఉంటే రెండు దారులున్నాయి. ఒంటినీ చేతులనూ కలిపి ప్రీకంపోజ్ చేసి (ఒకే లేయర్‌గా మూటకట్టి), ఆ ప్రీకంప్ మీద అడుగున రెండు, పైన ఒకటి పిన్నులు పెట్టి మొత్తం బొమ్మను కొద్దిగా ఊపడం ఒకటి. ప్రతి పిన్నునూ ఒక నల్ ఆబ్జెక్ట్‌కు (వీడియోలో కనిపించని ఖాళీ లేయర్‌కు) కట్టి, ఆ నల్‌లను పేరెంట్ బంధంలో పెట్టడం రెండోది. డ్యూయిక్ అనే ఉచిత స్క్రిప్ట్ ఈ రెండో పనిని బొత్తాం నొక్కగానే చేసిపెడుతుంది, ఎక్స్‌ప్రెషన్లు (చిన్న కోడ్ వాక్యాలు) చేత్తో రాయనక్కర లేదు. మీ పాటకు మొదటి దారి చాలు.

చేయి పొట్ట వెనక్కి దూరడం గురించి. ముక్కలు కోశాక ఈ ప్రశ్నే ఉండదు, పై లేయర్ పైన, కింది లేయర్ కింద. కోయకుండా ఒకే లేయర్‌లో ఉంచినప్పుడు మాత్రమే ఓవర్‌ల్యాప్ పిన్ కావలసి వస్తుంది. అది పెట్టేటప్పుడు చాలామంది తికమకపడతారు, ఎందుకంటే ఆ టూల్ తీసుకోగానే వంగిన బొమ్మ మీద కాక, వంగకముందు ఉన్న ఆకారపు గీత మీద పిన్ను పెట్టవలసి ఉంటుంది. ‘ఇన్ ఫ్రంట్’ విలువ ధనాత్మకమైతే ఆ భాగం ముందుకు, రుణాత్మకమైతే వెనక్కి పోతుంది. ‘ఎక్స్‌టెంట్’ ఎంత మేరకు వర్తించాలో చెబుతుంది. స్టార్చ్ పిన్ పేరుకు తగ్గట్టు గంజి పెట్టినట్టు ఆ చోటును బిరుసుగా చేస్తుంది. దాన్ని కూడా వంగని ఆకారం మీదే పెట్టాలి. కొద్ది విలువతోనే అది పనిచేస్తుంది. ఎక్కువ పెడితే బిరుసు ఉన్నచోటుకూ లేనిచోటుకూ మధ్య మడత పడినట్టు గీత కనిపిస్తుంది. మీ బొమ్మలో ఎడమచేతి మణికట్టుకు కడియం ఉన్నది కదా, దాని మీద ఒక స్టార్చ్ పిన్ పెట్టండి. చేయి వంగవచ్చు, కడియం కోలగా మారకూడదు.

గొంగడిని విడి లేయర్ చేయమన్నందుకు కారణం చెప్పాలి. కొన్నేళ్ల కిందట భూదాన్ పోచంపల్లి వైపు నుంచి ఒక నేత కుటుంబం వారి ఇంట్లో పెళ్లికి పత్రిక వీడియో చేశాను. పెళ్లికూతురు బొమ్మకు వాళ్లు నేసిన ఇక్కత్ చీరనే ఫొటో తీసి తొడిగాను. నడుము దగ్గర రెండు పిన్నులు పెట్టి అమ్మాయి వయ్యారంగా తిరిగేటట్టు చేశాను, నాకు చాలా నచ్చింది. వీడియో చూసిన పెళ్లికూతురి తల్లి మొదట ఏమీ అనలేదు, రెండోసారి చూసి, చీరలో చదరం పక్కకు కుంగిందని మెల్లగా అన్నారు. నూలు దారానికి ముందే లెక్క ప్రకారం ముడులు కట్టి, రంగు అద్ది, ఆ తరువాత మగ్గం మీదికి ఎక్కించేవారి కంటికి ఒక్క గడి వంకరపోయినా కనిపిస్తుంది. ఆమె చెప్పాక చూస్తే నాకు ఆ చీర తప్ప మరేదీ కనిపించలేదు. ఆ రాత్రి చీరను మూడు ముక్కలుగా కోసి, పైటను మాత్రమే పిన్నులతో ఊపి, నడుము భాగాన్ని మేకులతో బిగించి మళ్లీ చేశాను. చారలు, గళ్లు, అంచులు ఉన్న ఏ బట్టలోనైనా సాదా బట్ట దాచిపెట్టే వంకర బయటపడుతుంది. మీ గొంగడి అంచు చారలు తిన్నగా ఉండాలంటే దాని పై అంచును మూడు పిన్నులతో బిగించి, కింది కొసలకు మాత్రమే కదలిక ఇవ్వండి.

ఈకల కుచ్చు ఈ బొమ్మలో మీకు ఆనందం ఇచ్చే భాగం. మొదట్లో ఒక మేకు, నడుమ ఒకటి, కొసన ఒకటి. కిన్నెర కర్ర ఊగినప్పుడు నడిమి పిన్ను మూడు నాలుగు ఫ్రేములు ఆలస్యంగా, కొస పిన్ను మరో మూడు నాలుగు ఫ్రేములు ఆలస్యంగా కదలాలి. ఒకే కీఫ్రేముల వరుసను కాపీ చేసి టైమ్‌లైన్‌లో కుడివైపుకు జరిపితే చాలు. కీఫ్రేములను ఎంపిక చేసి ఎఫ్9 నొక్కితే ఈజీ ఈజ్ (కదలిక మెల్లగా మొదలై మెల్లగా ఆగడం) వస్తుంది, కానీ అన్నిటికీ ఒకే ఈజ్ పెడితే ఊయలలాగా యాంత్రికంగా ఉంటుంది. కదలిక వేగాన్ని గీతగా చూపే గ్రాఫ్ ఎడిటర్‌లో కొస పిన్ను వంపును చేత్తో సవరించండి. మరొక పద్ధతి కూడా ఉంది: కంట్రోల్ నొక్కి పట్టుకుని పిన్నును మౌస్‌తో లాగితే, మౌస్ వదిలేదాకా మీ చేతి కదలిక నేరుగా రికార్డు అవుతుంది. రికార్డ్ ఆప్షన్స్‌లో స్మూతింగ్ కొంచెం పెంచుకుంటే చేతి వణుకు తగ్గుతుంది. ఈకలకు, జెండాకు, దీపపు మంటకు ఇది కీఫ్రేముల కన్నా సహజంగా వస్తుంది. చేతులకు, తలకు మాత్రం వాడవద్దు, తాళం తప్పుతుంది.

తల ఊపుకు పిన్నులు అక్కర లేదు, మెడ దగ్గర యాంకర్ పాయింట్‌తో రొటేషన్ చాలు. రెప్పపాటుకు రెప్ప లేయర్ మూడు నాలుగు ఫ్రేములు కనిపించి పోతే సరిపోతుంది, సరిసమాన వ్యవధిలో రాకుండా చూడండి. ముఖం మీద, ముఖ్యంగా నోటి చుట్టూ, పిన్నులు పెట్టవద్దని గట్టిగా చెబుతాను. ముఖం రెండు పిక్సెళ్లు జరిగినా మనిషి మారిపోతాడు. తల ఎప్పుడు ఊగుతుంది, చేయి ఎంత దూరం పోతుంది అనేవి ఊహించి చేయకండి. నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి 2022లో పద్మశ్రీకి ఎంపికైన కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గారి పాటల వీడియోలు ఎన్నో అందుబాటులో ఉన్నాయి. ఒకదాన్ని శబ్దం ఆపి పదిసార్లు చూడండి, ఏ భాగం నిలకడగా ఉన్నదో కాగితం మీద రాసుకోండి. ఆ జాబితానే మీ మేకుల జాబితా.

పాట పేరును కూడా పిన్నులతో ఊపాలని మీరు రాశారు. తెలుగు అక్షరాల దగ్గర ఒక ప్రత్యేకమైన ఇబ్బంది వస్తుంది. విడిగా ఉన్న ప్రతి ఆకారానికీ మెష్ విడిగానే ఉంటుంది. ‘కిన్నెర’ అని రాస్తే న కింది ఒత్తు చాలా ఫాంట్లలో పై అక్షరానికి అంటకుండా ఉంటుంది. పై అక్షరానికి పిన్ను పెట్టి ఊపితే ఒత్తు కిందనే ఉండిపోతుంది. ఒత్తుకు కూడా పిన్ను పెట్టి దానితోపాటు కదిలించాలి, లేదా ఒత్తు కలిసిపోయేటట్టు అక్షరాలను చేత్తో రాయించుకోవాలి. నేనైతే రాయించుకుంటాను. టెక్స్ట్ లేయర్‌కూ, కంటిన్యువస్ రాస్టరైజ్ (ఎంత పెంచినా గీత పదును తగ్గకుండా చూసే సెట్టింగ్) ఆన్ చేసిన ఇలస్ట్రేటర్ లేయర్‌కూ మరొక జాగ్రత్త కావాలి: వీటిలో ముందు లేయర్ కదలిక, ఆ తరువాత ఎఫెక్ట్ (ఇక్కడ పిన్నుల వంపు) వర్తిస్తాయి, మామూలు బొమ్మకు దీనికి వ్యతిరేకం. పిన్నులు పెట్టిన అటువంటి లేయర్‌ను పక్కకు జరిపితే బొమ్మ పిన్నుల నుంచి ఊడిపోయినట్టు వికారంగా మారుతుంది. పిన్నులు పెట్టి, ప్రీకంపోజ్ చేసి, ఆ ప్రీకంప్‌ను కదిలించండి.

మెష్ డెన్సిటీని (త్రిభుజాల దట్టాన్ని) మొదటి నుంచీ పెంచుకోవద్దు. మోచేయి వంపు విరిగినట్టు, పలకలుగా కనిపిస్తేనే ఆ ఒక్క లేయర్‌కు పెంచండి. అంచున గీత తెగినట్టు కనిపిస్తే అది డెన్సిటీ లోపం కాదు, మెష్‌ను అంచు దాటి విస్తరించే ఎక్స్‌పాన్షన్ ఒకటి రెండు పెంచితే అంచు మెష్ లోపలికి వస్తుంది. పూర్తయిన బొమ్మను పారదర్శకతతో సహా పీఎన్‌జీ వరుసగా (ఫ్రేముకొక బొమ్మ ఫైలుగా) రెండర్ చేసి పెట్టుకుంటే, మిగతా పాట ఎడిట్ చేస్తున్నప్పుడు ఈ లెక్కలేవీ మళ్లీ నడవవు.

మీరు అడిగిన సంఖ్య ఇదీ: కుడిచేతికి 3, ఎడమచేతికి 3తో పాటు కడియానికి 1 స్టార్చ్, ఒంటికి మేకులు 5, ఊపిరికి 1, గొంగడికి 5, ఈకలకు 3. మొత్తం 21, మీరు ఇప్పటికే పెట్టినన్ని. వాటిలో సగానికి పైగా బొమ్మ మొత్తం మీద ఒక్కసారి కూడా కదలవు. రేపు మొత్తం బొమ్మ మొదలుపెట్టకుండా ఒంటినీ కుడిచేతినీ మాత్రం కోసి, 100 ఫ్రేముల కంపోజిషన్‌లో చేయి ఒక్కసారి తీగ దాకా వెళ్లి వచ్చేటట్టు చేయండి. ఆ నాలుగు సెకన్లలో ఛాతీ మీది బొత్తాం మీద కర్సర్ ఆనించి పెట్టి ప్లే చేయండి. బొత్తాం కర్సర్ కింద నుంచి జరగకపోతే మిగిలిన ముక్కలు కోయడం మొదలుపెట్టవచ్చు.